బండి సైడ్ స్టాండు, డబుల్ స్టాండు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా (మన గోదావరి జిల్లాల బళ్ళకి)

ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో అందరికీ తెలుసు, చైను ఎప్పుడు బిగించాలో తెలుసు, స్టాండు గురించి మాత్రం అది వేలాడిపోయి రోడ్డుకి రాసుకునేదాకా ఎవరూ పట్టించుకోరండి. మన వైపు ఇది తొందరగా పోయే పార్టే మళ్ళీ. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపైతే సముద్రం ఉప్పు గాలి, భీమవరం ఉండి ఆకివీడు వైపైతే చెరువు గట్ల మీద ఉప్పు బురద, మిగతా చోట్ల వానాకాలం అంతా చేలగట్ల రేగడి మట్టి, ఇదంతా వెళ్ళి చేరేది స్టాండు బోల్టు దగ్గరికే, ఎందుకంటే బండి మొత్తంలో నేలకి అంత దగ్గరగా ఉండి, కదులుతూ కూడా ఉండి, మూత లాంటిదేమీ లేని జాయింటు అదొక్కటే. దానికి తోడు మనోళ్ళ అలవాటొకటి ఉంది, సైడ్ స్టాండు వేసి దిగకుండా బండి మీదే కూర్చుని అరగంట ఫోన్లో మాట్లాడతారు, వెనక రెండు మేత బస్తాలు కూడా ఉంటాయి. ఆ బరువంతా ఒక్క బోల్టు మీద పడితే అదేం చేస్తుంది పాపం.

పని మాత్రం పెద్ద కష్టం కాదు. నాలుగు పానాలు, కాస్త ఓపిక ఉంటే సైడ్ స్టాండు మార్చడం ఒక పూట పని. డబుల్ స్టాండు కొంచెం ఎక్కువ, ఇంకో మనిషి తోడుండాలి.

ముందు ఏది పోయిందో చూడండి

షాపుకెళ్ళి "స్టాండు ఇవ్వండి" అనేముందు అసలు పాడైంది ఏంటో తేల్చుకోవాలి, చాలాసార్లు స్టాండు బానే ఉంటుంది స్ప్రింగే పోతుంది. బండిని డబుల్ స్టాండు మీద ఎక్కించి సైడ్ స్టాండుని చేత్తో పట్టుకుని ఊపి చూడండి. ముందుకీ వెనక్కీ తిరగడం దాని పని, కానీ లోపలికీ బయటికీ లొడలొడా కొట్టుకుంటుంటే బోల్టు అరిగిందనో, లేదా స్టాండుకున్న కన్నం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగిపోయిందనో అర్థం. బోల్టు ఒక్కటే అరిగితే బోల్టు మారిస్తే చాలు, కన్నం సాగితే స్టాండే మార్చాలి. పైకి ఎత్తితే పైన నిలబడకుండా కిందకి జారిపోతుంటే స్ప్రింగు పోయిందని, పైకి పూర్తిగా రాకుండా మధ్యలోనే ఆగిపోతుంటే తుప్పు పట్టి బోల్టు బిగుసుకుపోయి స్ప్రింగు లాగలేకపోతుందని. ఈ రెండోదైతే ఒక్క పైసా పెట్టక్కర్లేదు, విప్పి శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోతుంది. ఇక బోల్టూ కన్నమూ బానే ఉన్నా బండి మునుపటికంటే ఎడమకి ఎక్కువ వాలుతుంటే స్టాండు వంగిందని, లేదా కింద పాదం అరిగి పొట్టిదైందని.

స్ప్రింగు సంగతి మాత్రం రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనుకోవద్దండి. సగం దిగిన స్టాండుతో ఎడమ మలుపు తిరిగితే అది రోడ్డుకి తన్ని బండిని ఎత్తి పడేస్తుంది, కాలవ గట్టు రోడ్ల మీద ఎడమ పక్కన ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు

పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళడం అన్నింటికంటే మంచిది, కుదరకపోతే ఫోటో, బండి మోడలు, ఏ సంవత్సరం బండో చెప్పండి. ఒకే పేరున్న బండికి కూడా ఏళ్ళు మారేకొద్దీ స్టాండు పొడవు మారుతుంది, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బళ్ళల్లో చాలా వాటికి స్టాండు వేసి ఉందో లేదో కనిపెట్టే సెన్సార్ కూడా స్టాండు దగ్గర ఉంటుంది. కొన్నింటికి ఆ సెన్సార్ పనిచేయడానికి స్టాండు మీదే చిన్న మాగ్నెట్ బిగించి ఉంటుంది, లోకల్ స్టాండు కొంటే అది ఉండదు, అప్పుడు బిగించేశాక బండి స్టార్ట్ అవ్వక జుట్టు పీక్కోవాలి. పాతదాని మాగ్నెట్ విప్పి కొత్తదానికి పెట్టుకోవచ్చేమో షాపు దగ్గరే చూసుకోండి.

స్టాండు రాడ్డు వరకు లోకల్ది కొన్నా పర్లేదు అంటాను నేను, స్ప్రింగు, బోల్టు మాత్రం కంపెనీవే తీసుకోండి. స్ప్రింగులో చాలా బళ్ళకి పెద్దదాని లోపల చిన్నది ఇంకోటి ఉంటుంది, రెండూ కలిపే కొనండి, ఒకటి తెగితే రెండోది ఆదుకోవడానికే అలా పెడతారు. బోల్టు కూడా మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు వేయొద్దు. స్టాండు బోల్టుకి తలకాయకీ మరకీ మధ్యలో మర లేని నున్నటి భాగం ఉంటుంది, స్టాండు తిరిగేది దాని మీదే. మామూలు బోల్టు వేస్తే స్టాండు మరల మీద తిరిగి కొన్నాళ్ళకే కన్నాన్ని ఆకురాయితో రాసినట్టు తినేస్తుంది. డబుల్ స్టాండు పని అయితే స్ప్లిట్ పిన్ను (రాడ్డు జారకుండా కొసలు వంచి పెట్టే పిన్ను) కొత్తది అడిగి తీసుకోండి, వంచి తీసిన పిన్ను మళ్ళీ వంచితే విరుగుతుంది.

సామాన్లు

పానాల సెట్టు, అందులో ముఖ్యంగా 12, 14, 17 సైజులు. రింగు పానా ఉంటే మంచిది, ఓపెన్ పానా తుప్పు పట్టిన నట్టు మీద జారి మూలలు అరగదీసేస్తుంది. కటింగ్ ప్లేయరు, పెద్ద స్క్రూ డ్రైవరు, సుత్తి, ఎమరీ పేపరు, పాత టూత్ బ్రష్, కాస్త డీజిల్, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, గ్రీజు. ఒక పాత క్లచ్ వైరు ముక్క కూడా పక్కన పెట్టుకోండి, పారేసిన కేబుల్ లోపలి తీగ మెకానిక్కుని అడిగితే ఊరికే ఇస్తాడు, స్ప్రింగు ఎక్కించడానికి దానంత పనికొచ్చేది ఇంకోటి లేదు. కంటికి అడ్డం కోసం కళ్ళజోడు కొనక్కర్లేదు, హెల్మెట్ పెట్టుకుని అద్దం దించుకోండి. నవ్వొచ్చినా సరే పెట్టుకోండి, స్ప్రింగు చేతిలోంచి జారితే వచ్చేది సూటిగా మొహం మీదకే.

సైడ్ స్టాండు పని

రాత్రి పడుకోబోయేముందే బోల్టుకీ నట్టుకీ స్ప్రే కొట్టి వదిలేయండి. స్ప్రే లేకపోతే డీజిల్లో ముంచిన గుడ్డ చుట్టి పెట్టినా కొంత నానుతుంది. తుప్పు పట్టినదాన్ని అప్పటికప్పుడు బలవంతంగా తిప్పితే బోల్టు తల తెగుతుంది, తెగిందంటే ఇక ఇంటి పని కాదు, లేత్ షాపు పని.

పొద్దున్నే గట్టి నేల చూసుకుని, సిమెంటు అరుగో గచ్చో ఉంటే అక్కడ, బండిని డబుల్ స్టాండు మీద ఎక్కించి ముందు చక్రానికి అటూ ఇటూ ఇటుకలు పెట్టండి. ఇంజన్ బాగా చల్లారాలి, దాని పక్కనే చేతులు పెట్టి చేసే పని కదా. ఈ మధ్య బళ్ళు చాలావాటికి డబుల్ స్టాండే ఇవ్వట్లేదు, అలాంటిదైతే ఇంటి స్తంభానికో, కొబ్బరిచెట్టుకో హ్యాండిల్నీ వెనక గ్రాబ్ రైల్నీ రెండు పక్కలా తాళ్ళతో లాగి కట్టి బండి నిటారుగా నిలబడేట్టు చేసుకోవాలి, గేరులో ఉంచాలి, ఫుట్‌రెస్టుల కింద చెక్క దిమ్మలు కూడా పెట్టాలి. బండిని నేల మీద పడుకోబెట్టి చేద్దాం అని మాత్రం అనుకోవద్దు, పెట్రోల్ కారుతుంది, పాత రకం బ్యాటరీ అయితే యాసిడ్ కూడా.

విప్పకముందు ఫోన్ తీసి స్ప్రింగుని రెండు మూడు కోణాల్లోంచి ఫోటోలు కొట్టండి. స్ప్రింగు కొక్కెం నోరు ఎటు ఉంది, పొడుగు కొస పైనా కిందా, సెన్సార్ వైరు ఎటునుంచి వెళ్ళింది, ఇవన్నీ విప్పాక ఎవరికీ గుర్తుండవు.

స్ప్రింగు తీయడంలో కిటుకు ఇదీ. స్టాండు పైకి ఎత్తి ఉన్నప్పుడు స్ప్రింగు తక్కువ సాగి ఉంటుంది, కిందకి దించుతుంటే ఎక్కువ సాగుతుంది. అందుకని ముందు స్టాండుని కిందకి దించి పెట్టి, సాగిన స్ప్రింగు చుట్ల మధ్యలో సన్న వాషర్లో రూపాయి బిళ్ళలో వరసగా దూర్చేయండి, ఎన్ని పడితే అన్ని. తర్వాత నెమ్మదిగా స్టాండు పైకి ఎత్తితే స్ప్రింగు ముడుచుకోలేక పొడుగ్గానే ఉండిపోయి వదులైపోతుంది, కొక్కెం చేత్తోనే వచ్చేస్తుంది. వేళ్ళు చుట్ల మధ్యలో పెట్టకుండా జాగ్రత్త. వాషర్లు పట్టని సన్న స్ప్రింగు అయితే క్లచ్ వైరు ముక్కని కొక్కెంలోంచి దూర్చి, రెండు కొసలూ స్క్రూ డ్రైవరు పిడికి చుట్టి, మీ మొహం పక్కకి తిప్పుకుని లాగండి.

సెన్సార్ ఉంటే బోల్టు విప్పకముందే దాని చిన్న బోల్టు విప్పి సెన్సారుని వైరుతో సహా పక్కకి కట్టేయండి, వేలాడనివ్వొద్దు, ఆ వైరు చాలా సన్నం.

ఇప్పుడు వెనక నట్టు. చాలా బళ్ళకి బోల్టు ఫ్రేములోని మరలోకి ఎక్కి అవతల పక్క లాక్ నట్టు ఉంటుంది, కాబట్టి ముందు నట్టు తీసి తర్వాత బోల్టు తిప్పాలి. ఇది తెలీక బోల్టు తల పట్టుకుని కుస్తీ పట్టేవాళ్ళు బోలెడుమంది. అపసవ్యంగా తిప్పండి, కదలకపోతే పానా పిడి మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, ఒక్కసారే బలమంతా పెట్టకుండా. కాస్త కదిలాక మళ్ళీ బిగించి, మళ్ళీ వదిలి, స్ప్రే కొడుతూ చేస్తే తుప్పు పొడి రాలిపోయి తేలిగ్గా వస్తుంది.

స్టాండు చేతికొచ్చాక అసలు పని మొదలైందనుకోండి, చాలామంది తొందరపడేది ఇక్కడే. ఫ్రేముకున్న చెవి, ఆ స్టాండు పట్టే చోటు, దానికి రెండు పక్కలా ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. డీజిల్లో ముంచిన బ్రష్‌తో మరల్లో ఉన్న మట్టంతా తీయండి. చెవి పక్కన పెయింట్ లేచిపోయి తుప్పు కనిపిస్తుంటే రుద్ది రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పెయింటు) పూసి ఆరబెట్టుకోవడం మంచిది, ఉప్పు గాలి ఊళ్ళవాళ్ళైతే తప్పనిసరి. చెవి దగ్గర వెల్డింగు బీటలు ఇచ్చిందేమో గోరుతో గీకి చూడండి. బీట ఉంటే కొత్త స్టాండు బిగించి లాభం లేదు, ముందు వెల్డింగ్ షాపుకెళ్ళాలి, బండి మీదే వెల్డింగు పెట్టాల్సి వస్తే బ్యాటరీ వైర్లు విప్పించండి, లేకపోతే ఫ్యూయల్ ఇంజక్షన్ బళ్ళల్లో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) కాలిపోయే ప్రమాదం ఉంది.

బోల్టు నున్నటి భాగానికీ, స్టాండు కన్నం లోపలా, చెవికి రెండు పక్కలా గ్రీజు దండిగా పూయండి. మరలకి మాత్రం వద్దు. ఎంపీ3 అని డబ్బా మీద రాసి ఉండే మామూలు గ్రీజు సరిపోతుంది. ఇంజన్ ఆయిల్ పూస్తే ఒక్క వానకి కొట్టుకుపోతుంది, పైగా దుమ్ము పట్టి పేస్టులాగా తయారై బోల్టునే తింటుంది.

స్టాండు పెట్టి బోల్టు ముందు చేత్తో ఎక్కించండి, పానా తర్వాత. చేత్తో నాలుగు చుట్లు సాఫీగా పోతేనే మర సరిగ్గా పడినట్టు. తర్వాత పానాతో బిగించి, పూర్తిగా పట్టేశాక ఒక ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి వదలండి. స్టాండు చేత్తో ఆడిస్తే హాయిగా తిరగాలి కానీ లొడలొడలాడకూడదు, ఆ మధ్యస్థం దొరికేదాకా సర్దుకోండి. దొరికాక బోల్టు తలని ఒక పానాతో కదలకుండా పట్టుకుని ఇంకో పానాతో వెనక నట్టు గట్టిగా బిగించండి. బోల్టు పట్టుకోకుండా నట్టు బిగిస్తే రెండూ కలిసి తిరిగి స్టాండు బిగుసుకుపోతుంది, అప్పుడు ఎంత కొత్త స్ప్రింగు వేసినా పైకి రాదు. మీ బండి పుస్తకంలో దీనికి వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి.

కొత్త స్ప్రింగు ఎక్కించేటప్పుడు స్టాండు పైకి ఎత్తి ఉంచాలి, అప్పుడే తక్కువ సాగదీయాల్సి వస్తుంది. ముందు చేతికి తేలిగ్గా అందని వైపు కొక్కెం తగిలించి, తర్వాత రెండోవైపు క్లచ్ వైరు ఉచ్చు వేసి లాగి పిన్ను మీదకి జార్చండి. లేదంటే కొత్త స్ప్రింగుని విల్లులా వంచితే ఒక వైపు చుట్లు తెరుచుకుంటాయి, అక్కడ వాషర్లు దూర్చి, అటు తిప్పి వంచి ఇంకొన్ని దూర్చి, పొడుగైన స్ప్రింగుని తేలిగ్గా తగిలించేయొచ్చు, స్టాండు కిందకి దించగానే వాషర్లు వాటంతటవే రాలిపోతాయి. రాలనివి ప్లేయరుతో తీసేయండి, ఒక్కటి కూడా మిగలకూడదు. కటింగ్ ప్లేయరుతో స్ప్రింగు ఒంటిని నొక్కి లాగడం మాత్రం వద్దు, అక్కడ గాటు పడితే సరిగ్గా ఆ గాటు దగ్గరే కొన్నాళ్ళకి తెగుతుంది.

అంతా అయ్యాక స్టాండుని పదిసార్లు కిందకీ పైకీ ఆడించండి. సగం దాటగానే ఏ వైపు దగ్గరైతే ఆ వైపుకి టక్కున వెళ్ళిపోవాలి. స్ప్రింగు లాగే గీత బోల్టుకి ఒక పక్కన ఉంటే పైకి లాగుతుంది, బోల్టుని దాటి రెండో పక్కకొస్తే కిందనే పట్టి ఉంచుతుంది, స్టాండు రెండు చోట్లా నిలబడేది అందుకే. మధ్యలోనే ఆగిపోతుంటే నట్టు బిగువు ఎక్కువైందని, మళ్ళీ వెనక్కెళ్ళండి.

సెన్సార్ బిగించేటప్పుడు దానికున్న గాడి స్టాండు పిన్ను మీద కూర్చోవాలి, కూర్చోకుండా బోల్టు బిగిస్తే ప్లాస్టిక్ పగిలిపోతుంది. తర్వాత బండి స్టార్ట్ చేసి, క్లచ్ పట్టి గేరు వేసి స్టాండు దించి చూడండి, కట్ ఆఫ్ ఉన్న బండి అయితే ఇంజన్ ఆగిపోవాలి. కొన్ని బళ్ళకి మీటర్లో లైటు మాత్రమే వెలుగుతుంది. ఆ సెన్సార్ తలనొప్పి ఎందుకని రెండు వైర్లు కలిపి చుట్టేసే మెకానిక్కులున్నారు, ఒప్పుకోవద్దండి, స్టాండు తీయకుండా బయల్దేరి పడిపోయేవాళ్ళ కోసమే అది పెట్టింది.

డబుల్ స్టాండు

ఇది మార్చాలంటే బండి సైడ్ స్టాండు మీదే ఆనుకుని ఉంటుంది కాబట్టి తాడు తప్పనిసరి, కుడి పక్క చెట్టుకోసారి ఎడమ పక్క చెట్టుకోసారి లాగి కట్టి, గేరులో వేసి, ముందు బ్రేకు లివరుని రబ్బరు బ్యాండుతోనో గుడ్డ పీలికతోనో హ్యాండిల్‌కి బిగించి కట్టండి. పట్టుకోడానికి ఇంట్లో ఎవర్నైనా పిలవండి, చిన్నపిల్లలు మాత్రం చుట్టుపక్కల వద్దు.

స్ప్రింగు తీసే పద్ధతి ఇందాకటిదే, స్టాండు పైకి ముడిచి ఉన్నప్పుడే తీయాలి. కాకపోతే ఈ స్ప్రింగు చాలా బలమైంది, చేతి బలం చాలదు, పెద్ద స్క్రూ డ్రైవరు కొసని కొక్కెంలో పెట్టి ఫ్రేము మీద ఆనించి మీటాలి. స్టాండు కొన్నింటికి రెండు పక్కలా విడి బోల్టులతో ఉంటుంది, కొన్నింటికి అడ్డంగా ఒక పొడుగు రాడ్డు, దాని కొసకి వాషరు, స్ప్లిట్ పిన్ను. పిన్ను కొసలు తిన్నగా చేసి ప్లేయరుతో లాగేయండి, రాడ్డు కొస మీద చెక్క ముక్క ఆనించి సుత్తితో కొట్టండి, సూటిగా ఇనుము మీద కొడితే కొస విచ్చుకుని కన్నంలోంచి రాదు. కొన్ని పాత మోడళ్ళల్లో వెనక బ్రేకు పెడలు కూడా ఇదే రాడ్డు మీద తిరుగుతుంది, అప్పుడు పెడలు స్ప్రింగు, బ్రేకు లైటు స్విచ్ స్ప్రింగు ముందు విప్పాలి. బిగించాక బ్రేకు పెడలు ఆట ఎంతుందో, లైటు వెలుగుతుందో లేదో తప్పకుండా చూడండి, స్టాండు పనిలో పడి బ్రేకు మర్చిపోతే అది వేరే కథ అవుతుంది.

రాడ్డుని ఎమరీతో రుద్ది, నిండా గ్రీజు పూసి, దాన్ని కాస్త తిప్పుతూ లోపలికి నెట్టండి. కొత్త పిన్ను వేసి రెండు కొసలూ చెరో పక్కకి వంచండి. స్టాండు ముడిచినప్పుడు కొట్టుకునే రబ్బరు బుష్ ఉందో లేదో చూసుకోండి, అది ఊడిపోతే గుంటల్లో పడ్డప్పుడల్లా టకటకా శబ్దం, చైను కవరుకో సైలెన్సరుకో రాసుకోవడం. స్కూటర్లకి కూడా పద్ధతి ఇదే, కాకపోతే కింద చోటు తక్కువ, చెయ్యి పట్టదు, మొదటిసారే స్కూటర్ మీద ప్రయోగం వద్దని నా సలహా.

బురద నేలకి వెడల్పు పాదం

ఇది కంపెనీ వాళ్ళు ఇవ్వరు కానీ మనకి కావాల్సింది. వానాకాలం చేలగట్టు మీద సైడ్ స్టాండు వేసి వెళ్తే తిరిగొచ్చేసరికి స్టాండు సగం మట్టిలో, బండి మొత్తం పక్కకి. విప్పిన స్టాండు ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి బిగించకముందే దాన్ని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళి పాదం కింద 3 ఎంఎం ఇనుప రేకు, అరచెయ్యిలో సగం ఉండేంత ముక్క, మూలలు గుండ్రంగా చేయించి అతికించండి. అంతకంటే పెద్దది వేస్తే స్టాండు ముడిచినప్పుడు గేరు లివరుకో ఫుట్‌రెస్టుకో తగులుతుంది, మలుపులో నేలకి కూడా తగలొచ్చు. రేకు మందం ఎంత పెరిగితే బండి అంత నిటారుగా నిలబడుతుందని గుర్తుంచుకోండి, మరీ నిటారుగా ఉంటే గాలికో, కుడి పక్క బస్తా బరువుకో అటు పడిపోతుంది, అందుకే 3 ఎంఎం దాటొద్దు. వెల్డింగు అయ్యాక రెడ్ ఆక్సైడ్, దాని మీద నల్ల పెయింటు.

తర్వాత చూసుకోవాల్సినవి

బిగించిన వారం రోజులకి నట్టు ఒకసారి పానాతో పట్టి చూడండి, కొత్త బోల్టు కుదురుకునేటప్పుడు కొంచెం వదులవుతుంది. చెరువుల మీద తిరిగే బళ్ళైతే ఇంటికొచ్చాక స్టాండు జాయింటు మీద మంచినీళ్ళు ఒక చెంబు పోసే అలవాటు చేసుకోండి, ఉప్పు అక్కడ ఎండకూడదు. వాటర్ సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ గ్రీజు కొంత పోతుంది, వచ్చాక కాస్త పూయాలి. లంక గ్రామాల్లో వరద నీళ్ళలో బండి తిరిగితే పైపైన పూసి లాభం లేదు, బోల్టు విప్పి తుడిచి కొత్త గ్రీజు పెట్టాల్సిందే, ఒండ్రు సన్నగా ఉంటుంది కదా లోపలిదాకా వెళ్ళిపోతుంది.

సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లి రేవులోనో బండిని పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోండి. పంటు ఊగినప్పుడు సైడ్ స్టాండు మీదున్న బండి ముందుకి దొర్లితే స్టాండు ముడుచుకుపోతుంది, అందుకని బండి గేరులో ఉంచి, ముందు బ్రేకుకి ఆ రబ్బరు బ్యాండు వేసి, దిగి పక్కనే నిలబడండి.

పాత స్ప్రింగు ఇంకా తెగకపోతే దాన్ని పారేయకుండా సీటు కింద టూల్ కిట్టులో క్లచ్ వైరు ముక్కతో పాటు పెట్టుకోండి, దారిలో కొత్తది తెగినా ఇంటిదాకా అదే లాక్కొస్తుంది.